ఊరూ ఠాణా: తెలుగు పల్లెల్లో, చిన్న పట్టణాల్లో పోలీసు ప్రాధాన్యాలు

తెలుగు రాష్ట్రాల్లో సాధారణంగా మండలానికి ఒక పోలీసు స్టేషను ఉంటుంది. దాని కింద పదిహేనో ఇరవయ్యో ముప్ఫయ్యో గ్రామాలు, వాటి శివార్లలో తండాలు, గూడేలు, కాలనీలు. స్టేషనుకు పెద్ద ఎస్సై. ఆయన సిబ్బందిలో ఒకరు రైటరు, ఒకరు కోర్టు డ్యూటీ, ఒకరు సెంట్రీ, ఒకరు సమన్లు పట్టుకుని తిరుగుతుంటారు, ఒకరు శవాన్ని పోస్టుమార్టానికి తీసుకెళ్లి ఉంటారు. జాతరకో, మంత్రిగారి పర్యటనకో బందోబస్తుకు పోయినవారు పోగా ఆ రోజుకు ఊళ్లమీదికి వెళ్లడానికి మిగిలేది ఇద్దరో ముగ్గురో. వాళ్లు ముందు ఏ ఊరికి వెళ్లాలి, ఏ తగాదా చూడాలి, ఏది రేపటికి వాయిదా వేయాలి? గ్రామ పోలీసింగులో ప్రాధాన్యం అనే మాటకు ఆచరణలో ఉన్న అర్థం ఇదే.

ఆ ప్రాధాన్యాన్ని ఎవరు నిర్ణయిస్తారన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. జిల్లా కేంద్రం నుంచి వచ్చే ఉత్తర్వులు కొంత నిర్ణయిస్తాయి. స్టేషనుకు వచ్చే కాగితాలు కొంత నిర్ణయిస్తాయి. ఊరు నిర్ణయించేది చాలా తక్కువ. ఒకవేళ ఊరు నిర్ణయించినా, ఊరు పేరు మీద మాట్లాడుతున్నది ఎవరో చూడకపోతే ఆ నిర్ణయం కొందరి మీద అన్యాయంగా పడుతుంది. తెలుగు నేల మీద రెండు శతాబ్దాల గ్రామ పోలీసు చరిత్ర ఈ రెండు చిక్కుల మధ్యనే నడిచింది.

కావలి, తలారి, పోలీసు పటేలు

ఈస్టిండియా కంపెనీ పాలనకు ముందు రాయలసీమలోనూ దక్షిణ కోస్తాలోనూ కాపలా బాధ్యత పాలెగాళ్లదీ, వారి కింద కావలివాళ్లదీ. ఊరు కావలి రుసుము కట్టేది. సొత్తు పోతే కావలివాడు దొంగనైనా పట్టివ్వాలి, సొత్తుకు సరిపడా సొమ్మైనా ఇచ్చుకోవాలి. ఈ లెక్కలో ఒక న్యాయం ఉంది: కాపలా కాసేవాడు ఊరికి జవాబుదారీ. అందులో ఒక ప్రమాదమూ ఉంది. రుసుము ఇవ్వని ఊరి పశువులు రాత్రికి రాత్రి మాయమయ్యేవి. 1800 నుంచి 1807 దాకా దత్త మండలాలకు ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో, సుమారు 80 మంది పాలెగాళ్ల అధికారాన్ని అణచి, కావలి హక్కులను సర్కారు చేతిలోకి తెచ్చాడు.

మద్రాసు ప్రెసిడెన్సీలో 1816 నాటి 11వ రెగ్యులేషన్ ఆ స్థానంలో కొత్త వరస పెట్టింది. కలెక్టరే మేజిస్ట్రేటు, తహసీల్దారే పోలీసు అధికారి, ఊళ్లో మునసబు, ఆయన కింద తలారి. శిస్తు వసూలు చేసే చేతికే లాఠీ కూడా అందింది. ఫలితం 1855 నాటి మద్రాసు చిత్రహింసల విచారణ సంఘం నివేదికలో నమోదైంది. బాకీ కట్టలేని రైతులను ఎండలో వంగదీసి నిలబెట్టడం, వేళ్లను చెక్కల మధ్య పెట్టి నొక్కడం వంటివి మామూలు వసూలు పద్ధతులుగా ఉండేవని అది తేల్చింది. దాని తరవాతే 1859లో 24వ చట్టం ద్వారా మద్రాసులో పోలీసు శాఖను రెవెన్యూ నుంచి విడదీశారు. 1861 నాటి పోలీసు చట్టం దాదాపు అదే మూసలో వచ్చింది.

ఈ విభజన అవసరమైనదే. కానీ దాంతోపాటు ఇంకొకటి జరిగింది. కొత్త కానిస్టేబులు సూపరింటెండెంటుకు జవాబుదారీ అయ్యాడు, ఊరికి కాడు. ఊరిని ఎరిగిన తలారి చాలీచాలని మాన్యంతో మునసబు కిందే మిగిలాడు. ఊరి ఆనుపానులు తెలిసినవాడికి అధికారం లేదు, అధికారం ఉన్నవాడికి ఊరు తెలియదు. 1902-03లో ఆండ్రూ ఫ్రేజరు అధ్యక్షతన పనిచేసిన పోలీసు కమిషను ఈ లోటును గుర్తించింది. గ్రామ కావలిదారును పోలీసుల కింది నౌకరుగా మార్చవద్దని, అతను గ్రామ సేవకుడుగానే ఉండాలని సూచించింది.

నిజాం రాజ్యంలో వరస వేరు. ఊళ్లో శిస్తుకు మాలీ పటేలు, శాంతిభద్రతలకు పోలీసు పటేలు, లెక్కలకు పట్వారీ. కాపలాకూ కబురుకూ సేత్‌సింధీలు. పుస్తకంలో పోలీసు పటేలు పని నేరాలను ఠాణాకు తెలియజేయడం. ఆచరణలో చాలా ఊళ్లలో అతని మాట దొరగడి మాట. వెట్టిచాకిరి ఎగ్గొట్టిన మనిషిని ఠాణాకు పట్టివ్వడం కూడా అతని చేతిలో పనే. తెలంగాణ రైతాంగ పోరాట కాలంలో జనం పటేలు పట్వారీల దఫ్తర్ల మీద ఎందుకు పడ్డారో ఇక్కడ అర్థమవుతుంది. వాళ్లకు పోలీసు అంటే ఎక్కడో ఉన్న ఠాణా కాదు, పక్క వీధిలో ఉన్న పటేలు.

1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సు ద్వారా గ్రామాధికారుల పదవులను ఒక్క కలం పోటుతో రద్దు చేసింది. వంశపారంపర్యంగా కొన్ని కుటుంబాల గుప్పెట్లో ఉన్న పెత్తనం పోవడం న్యాయమే. అయితే మునసబూ పోలీసు పటేలూ చేసిన ఒక పని, ఊళ్లో ఏం జరుగుతోందో స్టేషనుకు వేళకు చెప్పడం, ఎవరికీ అప్పగించకుండానే వాళ్లు వెళ్లిపోయారు. మహారాష్ట్ర వేరే దారి పట్టింది. 1967 నాటి గ్రామ పోలీసు చట్టం కింద వారసత్వాన్ని తీసేసి పోలీసు పాటీలు పదవిని నియామకంగా మార్చి ఉంచుకుంది. మనకు చట్టంలో మాత్రం ఒక పోగు మిగిలింది. భారతీయ నాగరిక సురక్షా సంహిత 34వ సెక్షన్ (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 40వది) ప్రకారం గ్రామ వ్యవహారాల్లో నియమితులైన అధికారులూ పంచాయతీ సభ్యులూ తమ ఊరి నేరాల గురించి, అనుమానాస్పద మరణాల గురించి వెంటనే తెలియజేయాలి. ఈ బాధ్యత తమ మీద ఉందని ఎందరు వార్డు సభ్యులకు ఎవరైనా చెప్పారు?

పల్లె నేరం ఎలా ఉంటుంది

నగరం కళ్లతో చూస్తే పల్లె ప్రశాంతంగా కనిపిస్తుంది. స్టేషనులో ఒక వారం కూర్చుంటే ఆ మాట నిలవదు. వచ్చేవాటిలో ఎక్కువ భాగం గట్టు తగాదాలు, తూము దగ్గర నీళ్ల వంతు తగాదాలు, చేలో పడి మేసిన గేదెల గొడవలు, దారి హక్కులు, అన్నదమ్ముల పంపకాలు. ఇవి సివిలు వ్యవహారాలని చెప్పి పంపేయడం స్టేషనుకు తేలిక. పల్లెల్లో జరిగే ఎన్నో హత్యలను వెనక్కి తవ్వుకుంటూ పోతే మాత్రం మొదట తేలేది ఇలాంటి ఒక పిటిషనే. రెండు మూడు వానాకాలాల కింద ఎవరో ఎస్సైగారి బల్ల మీద పెట్టి, "చూస్తాంలే" అనిపించుకుని వెళ్లిన కాగితం అది. గట్టు తగాదా చట్టం దృష్టిలో చిన్నది, పల్లెలో ప్రాణం తీసేది. కాబట్టి సర్వేయరును పిలిపించి హద్దురాళ్లు పాతించడం, ఇద్దరినీ తహసీల్దారు ముందు బైండోవరు చేయించడం (సురక్షా సంహితలో 126వ సెక్షన్) పోలీసు పనిలో వెనకబెంచీకి నెట్టవలసినవి కావు.

దొంగతనాలదీ అదే సంగతి. బావి దగ్గర మోటారు, స్టార్టరు, కేబులు తీగ, ట్రాన్స్‌ఫార్మరులోని రాగి: ఇవే ఊరి సొత్తు. ట్రాన్స్‌ఫార్మరును దింపి, నూనె పారబోసి, రాగి చుట్టలు ఎత్తుకుపోతే ఆ దొంగకు దక్కేది కొద్ది వేలే కావచ్చు. దాని కింద ఉన్న రైతులందరి వరీ పొట్టదశలో ఎండిపోతుంది. నేరం విలువను ఎఫ్ఐఆర్‌లో సొత్తు ధరతో కొలిస్తే ఇది చిన్న కేసు, పోయిన పంటతో కొలిస్తే ఆ ఏడాది ఆ ఊళ్లో ఇంతకంటే పెద్ద దొంగతనం లేదు. పాత ఇనుము కొనే దుకాణాల మీద కన్నేయడం, కరెంటు శాఖ లైన్‌మన్‌తో రోజూ మాట కలుపుకోవడం ఇక్కడ గస్తీ జీపు కంటే ఎక్కువ పని చేస్తాయి. నకిలీ విత్తనాలూ ఇలాంటివే. తెలంగాణ ప్రభుత్వం పీడీ (ముందస్తు నిర్బంధ) చట్టాన్ని సవరించి నకిలీ విత్తనాల వ్యాపారులను దాని పరిధిలోకి తెచ్చింది. అది అమలు కావాలంటే తొలకరికి ముందే ఊళ్లోకి ఏ వ్యాను వచ్చింది, సంచుల మీద ఏం రాసి ఉంది అన్న కబురు స్టేషనుకు చేరాలి. మొలకెత్తని చేను చూపించి ఫిర్యాదు ఇచ్చే నాటికి వ్యాను వెళ్లిపోయి నెల దాటి ఉంటుంది.

చావుల సంగతి వేరుగా చెప్పాలి. పురుగుమందు తాగిన రైతు, బావిలో దూకిన కోడలు, అడవిపందుల కోసం పెట్టిన కరెంటు తీగ తగిలి పోయిన పాలేరు: వీటన్నిటికీ మొదట చేరేది కానిస్టేబులు. పంచనామా రాయడం, శవాన్ని పెద్దాసుపత్రికి చేర్చడం, ఆ రాత్రంతా మార్చురీ బయట ఆ ఇంటివాళ్లతో కూర్చోవడం అతని పనే. శిక్షణలో ఈ పనికి ఇచ్చే చోటు తక్కువ. ఆ ఇంటివాళ్లు మాత్రం పోలీసును జీవితాంతం గుర్తుపెట్టుకునేది ఆ రాత్రి అతను మాట్లాడిన తీరుతోనే. పంచనామాలో "కుటుంబ కలహాలు" అని రాస్తారా, "అప్పుల బాధ" అని రాస్తారా అన్నదాని మీద రైతు కుటుంబానికి పరిహారం ఆధారపడి ఉంటుంది. ఒక ముక్క అటూ ఇటూ అయితే ఒక ఇల్లు నిలబడడమో కూలడమో జరుగుతుంది.

రోడ్లది ఇంకొక వరస. కోతల కాలంలో వడ్లూ మొక్కజొన్నా తారురోడ్డు మీదే ఆరబోస్తారు. కుప్ప చుట్టూ రాళ్లు పేర్చి, పైన నల్ల పట్టా కప్పి ఇంటికి పోతారు. చీకట్లో మోటారు సైకిలు వాటిని గుద్దుకుంటుంది. వెనక లైటు లేని ట్రాక్టరు ట్రాలీలదీ ఇదే కథ. కేసు కట్టడం కంటే ముందు చేయవలసినవి ఉన్నాయి: పంచాయతీతో మాట్లాడి కల్లానికి స్థలం చూపించడం, ట్రాలీలకు రేడియం స్టిక్కర్లు అంటించడం. చాలా స్టేషన్లలో ఈ పని ఉత్సాహవంతుడైన ఒక ఎస్సైతో మొదలై, ఆయన బదిలీతో ఆగిపోతుంది.

కొత్తగా వచ్చినవీ ఉన్నాయి. పింఛను డబ్బు ఫోనులో పోగొట్టుకున్న అవ్వకు సైబరు మోసాల ఫిర్యాదుకు ఉన్న 1930 నంబరు తెలియదు. తెలిసే నాటికి డబ్బు నాలుగు ఖాతాలు దాటి ఉంటుంది. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల పల్లెల్లో గల్ఫ్ వీసా పేరు మీద మోసపోయినవాళ్లు, ఏజెంటు బంధువే కావడం వల్ల ఫిర్యాదు ఇవ్వడానికి ఏళ్ల తరబడి వెనకాడతారు. విశాఖ మన్యం నుంచి దిగే గంజాయి చిన్న పట్టణాల జూనియరు కాలేజీల వెనక సందుల దాకా చేరింది. తెలంగాణ పల్లెల్లో చేతబడి, బాణామతి అనుమానంతో ముసలివాళ్లను కొట్టడం, చంపడం ఇంకా ఆగలేదు. అక్కడ జిల్లా పోలీసుల కళాబృందాలు డప్పు కొట్టి పాట పాడి చెప్పడం లాఠీ కంటే మేలైన పని.

చిన్న పట్టణం ఈ లెక్కలో మధ్యలో పడుతుంది. బస్టాండు, వారపు సంత, ఫంక్షను హాళ్లు, తాళం వేసి ఊరెళ్లిన ఇళ్లు దాని సమస్యలు. సర్కిల్ ఇన్‌స్పెక్టరు కార్యాలయం అక్కడే ఉంటుంది కాబట్టి ఉన్న కొద్ది బలగమూ అక్కడే తిరుగుతుంది. చుట్టుపక్కల పల్లెల వాటా అక్కడే కరిగిపోతుంది.

సారా అంగడి ముందు

ప్రాధాన్యాన్ని ఊరే నిర్ణయించిన ఒక గొప్ప ఘట్టం మన చరిత్రలో ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వచ్చిన ఆడవాళ్లు తమ ఊళ్లో సారా అంగడి మూయించారు. వాళ్లకు ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. అంతకుముందు కూడా ఆ ఊళ్లలో పోలీసులు ఉన్నారు, ఆబ్కారీ వాళ్లు ఉన్నారు. మొగుడి చేతిలో దెబ్బలు తిన్న ఆడది స్టేషను మెట్లెక్కితే "తాగి కొట్టాడు, పొద్దుటికి దిగిపోతుంది, పో" అన్న మాటే వినిపించేది. సారా అమ్మకం లైసెన్సు ఉన్న వ్యాపారం. సర్కారు ఖజానాకు ఆదాయం. దాన్ని కాపాడడం శాంతిభద్రతల పని, దాని వల్ల ఇంట్లో జరిగే హింస ఇంటి వ్యవహారం. ఊళ్లో సగం మందికి అన్నిటికంటే పెద్ద భయం ఏదో అదే స్టేషను పట్టికలో అన్నిటికంటే కింద ఉంది.

ఆడవాళ్లు ఆ పట్టికను తిరగేశారు. ప్యాకెట్లు తగలబెట్టారు, సారా బండ్లను వెనక్కి తరిమారు, వేలం పాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరు 1న ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. ఆ తరవాత ఊరూరా బెల్టు షాపులు వెలిశాయి. వాటికి లైసెన్సు లేదు. ఎక్కడున్నాయో ప్రతి బిడ్డకూ తెలుసు. ఈనాటికీ గ్రామసభలో ఆడవాళ్లను ఏం కావాలని అడిగితే బెల్టు షాపు మాట మొదటి మూడింటిలో ఉంటుంది. మండల స్టేషను నెలవారీ సమీక్షలో ఆ స్థానం దానికి దక్కడం అరుదు. ఈ ఎడం తగ్గని చోట ఎన్ని యాప్‌లు వచ్చినా ఊరికీ ఠాణాకూ మధ్య దూరం తగ్గదు.

తరవాతి ప్రయత్నాలు కొన్ని ఆ దిశలోనివే. తెలంగాణలో 2014 అక్టోబరులో ఆడవాళ్ల మీద వేధింపులను అడ్డుకోవడానికి హైదరాబాదులో మొదలైన షీ టీములు తరవాత జిల్లాలకు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ, వార్డు సచివాలయాల్లో ఒక్కో మహిళా సంరక్షణ కార్యదర్శిని పెట్టారు. మునసబుల రద్దు తరవాత ఊళ్లోనే ఉండి స్టేషనుతో ముడిపడిన మనిషి, అందునా ఒక స్త్రీ, ఉండడం ఇదే మొదలు. 2021లో వారిని మహిళా పోలీసులుగా పేర్కొంటూ ఉత్తర్వు వచ్చింది, అది హైకోర్టులో సవాలుకు గురైంది. వాళ్లు పోలీసులా, సచివాలయ ఉద్యోగులా అన్న చర్చ నడుస్తుండగానే పింఛను సర్వేలూ ఇతర పనులూ వారి మీద పడ్డాయి. బాల్యవివాహం జరగబోతోందని మొదట పసిగట్టగలిగిన మనిషి చేతిలో ఫారాల కట్ట పెట్టడం నష్టమే.

ఊరా, వాడా?

"ఊరు ఏం కోరుకుంటే అదే ప్రాధాన్యం" అనేయడం వినడానికి బాగుంటుంది. తెలుగు పల్లె నిర్మాణం తెలిసినవాళ్లు ఆ మాట అంత తేలిగ్గా అనలేరు. ఊరు వేరు, వాడ వేరు. పెద్దమనుషుల పంచాయితీలో కూర్చునేది ఊరు, నిలబడేది వాడ.

1985 జులై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో చెరువు నీళ్ల దగ్గర మొదలైన గొడవ దళితవాడ మీద దాడిగా మారి ఆరుగురిని చంపింది. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపి, శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువలో పారేశారు. అప్పటికే ఆ ఊళ్లో ఉద్రిక్తత ఉంది, సాంఘిక బహిష్కరణ నడుస్తోంది, పోలీసులూ ఉన్నారు. అంటే అక్కడ లోపించింది బలగం కాదు. ఎవరి భయం నిజమైన భయమో గుర్తించడంలో లోపం జరిగింది. కారంచేడు తరవాత పెరిగిన ఒత్తిడి 1989 నాటి ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వెనక ఉన్న కారణాల్లో ఒకటి. ఆ చట్టం 4వ సెక్షన్ విధిని కావాలని నిర్లక్ష్యం చేసిన ప్రభుత్వోద్యోగికి శిక్ష చెప్పింది. దాని కింది కేసులను డీఎస్పీ స్థాయి అధికారే దర్యాప్తు చేయాలి. చుండూరు కేసు విచారణకు ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో శిక్షలు పడ్డాయి, 2014లో హైకోర్టు వాటిని కొట్టేసింది.

నిజామాబాద్, నిర్మల్, జగిత్యాల ప్రాంతాల్లో గ్రామాభివృద్ధి కమిటీలు ఇప్పటికీ ఊరి పేరు మీద జరిమానాలు వేయడం, మాట వినని కులాన్నో కుటుంబాన్నో బహిష్కరించడం జరుగుతోంది. కల్లు, చేపలు, ఇసుక మీద వేలాలు పాడి గుడికీ రోడ్డుకూ డబ్బు పోగుచేసే ఆ కమిటీలే స్టేషనుకు "ఊరు తరఫున" వచ్చి మాట్లాడతాయి. కొత్తగా వచ్చిన ఎస్సైకి అవి అనుకూలమైన తోడుగా కనిపిస్తాయి. వాటి మీదే కేసు కట్టవలసిన రోజు వచ్చినప్పుడు తెలుస్తుంది, తాను ఇన్నాళ్లూ ఊరి మాట అనుకున్నది ఎవరి మాటో.

అనుమానానికి కూడా ప్రాధాన్యం ఉంటుంది, అదీ కొందరి మీదే పడుతుంది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి విస్తరించింది. ఎరుకల, యానాది కుటుంబాలు ఎన్నో దాని కింద నమోదయ్యాయి. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం సాల్వేషన్ ఆర్మీ నడిపిన అలాంటి ఒక సెటిల్‌మెంటే. 1952లో చట్టం రద్దయింది. అయినా ఆ ఊరి పేరు చెబితే దొంగలు అనే అలవాటు సినిమాల్లో, జనం నోళ్లలో, అనుమానితుల జాబితాల్లో దశాబ్దాలు బతికింది. చదువుకుని ఉద్యోగాలకు వెళ్లిన అక్కడి పిల్లలు ఊరి పేరు చెప్పడానికి వెనకాడవలసి రావడం మనందరం సిగ్గుపడవలసిన సంగతి.

దీనికి ఎదురు కొసన సంక్రాంతి కోడిపందేలు ఉన్నాయి. గోదావరి, కృష్ణా జిల్లాల్లో ఊరంతా కోరుకునేది, 1974 నాటి జూద నిరోధక చట్టం, జంతుహింస నిరోధక చట్టం కాదనేది. 2016 డిసెంబరులో హైకోర్టు వాటిని ఆపాలని స్పష్టంగా చెప్పింది. ఏటా నోటీసులు, బైండోవర్లు, బరుల ధ్వంసం, ఆ మూడు రోజులూ పందేలు. జనం కోరిక ఒక్కటే కొలబద్ద కాకూడదనడానికి ఇదొక ఉదాహరణ. కత్తి తగిలి చనిపోయినవాళ్లు, పందెంలో పొలం పోగొట్టుకున్న ఇళ్లు కూడా ఆ ఊరివే.

కోటలుగా మారిన స్టేషన్లు

ఉత్తర తెలంగాణలో, విశాఖ మన్యంలో, నల్లమలలో 1980ల నుంచి 2000ల మధ్య దాకా స్టేషను అంటే ఇసుక బస్తాలు, ముళ్లతీగ, పైన సెంట్రీ పోస్టు. నక్సలైట్ల దాడుల భయంతో కానిస్టేబులు యూనిఫారంలో బస్సెక్కేవాడు కాదు. రాత్రి గస్తీ ఆగిపోయింది. ఊరి తగాదాలు ప్రజాకోర్టుకు పోయాయి. స్టేషనుకు ఊరు అవసరమైంది సమాచారం కోసమే. నక్సలైట్లకు అన్నం పెట్టినందుకు పోలీసులు కొట్టారు, సమాచారం ఇచ్చాడని అన్నలు చంపారు. ఈ రెండిటి మధ్య నలిగిన ఒక తరం ఇంకా ఆ ఊళ్లలో ఉంది. ముళ్లతీగ తీసేసి రిసెప్షను కౌంటరు పెట్టినా, పెద్దవయసు వాళ్లు లోపలికి పోవడానికి ఎవరినో తోడు తీసుకెళ్తారు. ఆ భయం తగ్గడానికి భవనానికి రంగు వేయడం చాలదు. పని లేనప్పుడు కూడా ఊరికొచ్చి రచ్చబండ దగ్గర కూర్చునే పోలీసు కావాలి.

చేసి చూసినవి

2000ల తొలినాళ్లలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 'మైత్రి' పేరుతో సంఘాలు పెట్టింది. చాలాచోట్ల అవి వ్యాపారులూ రాజకీయ నాయకులూ కూర్చునే సమావేశాలుగా మిగిలాయి. తెలంగాణలో ఊరికొక కానిస్టేబులును గ్రామ పోలీసు అధికారిగా గుర్తించి, అతని ఫోను నంబరు పంచాయతీ గోడ మీద రాయించే పద్ధతి వచ్చింది. ఇది చిన్న పనే. గోడ మీది నంబరు నిజంగా మోగి, అవతల ఆ మనిషే పలికినంతకాలం దీనికి మించిన వ్యవస్థ లేదు. 'నేను సైతం' పేరుతో ఊళ్లు చందాలేసుకుని సీసీ కెమెరాలు పెట్టుకున్నాయి. ఎవరు ఎక్కువ చందా ఇచ్చారో వాళ్ల వీధి మొదట్లోనే కెమెరా వెలిసే అవకాశం ఎక్కువ. పాడైతే బాగుచేయించే డబ్బు ఎవరిదన్న ప్రశ్నకు జవాబు లేక చాలా కెమెరాలు స్తంభాల మీద గుడ్డివయ్యాయి.

తమిళనాడులో 1993లో రామనాథపురం జిల్లాలో 'పోలీసు మిత్రులు' మొదలైంది. గస్తీకీ జనసమ్మర్దాలకూ వాలంటీర్లు బాగా పనికొచ్చారు. 2020 జూన్‌లో తూత్తుకుడి జిల్లా సాత్తాన్‌కుళంలో తండ్రీ కొడుకులు పోలీసు నిర్బంధంలో దెబ్బలకు మరణించినప్పుడు ఆ వాలంటీర్ల మీదా ఆరోపణలు వచ్చాయి, ప్రభుత్వం వారిని పక్కనపెట్టింది. చట్టపు బాధ్యత లేనివాడికి లాఠీ నీడ ఇస్తే ఏమవుతుందో మనకు పాలెగాళ్ల నాటి కావలి నుంచే తెలియాలి. కేరళ పద్ధతి ఇంతకంటే గట్టి పునాది మీద లేచింది. జస్టిస్ కె.టి. థామస్ కమిషను సూచనతో 2008లో 20 స్టేషన్లలో మొదలైన జనమైత్రి, ఒక్కో బీటు అధికారికి సుమారు 500 ఇళ్లు అప్పగించి, ఇంటింటికీ వెళ్లి మాట్లాడమంది. అతను పోలీసే, వాలంటీరు కాదు. అతని పని తెలుసుకోవడం.

ఇంగ్లండులో నైబర్‌హుడ్ పోలీసింగ్ అన్న పేరుతోనే ఒక వ్యవస్థ ఉంది. 1960లలో కాలినడక బీట్లు పోయి కార్లు వచ్చాక జనానికీ పోలీసుకూ మధ్య దూరం పెరిగిందని గ్రహించి, 2002 చట్టంతో అరెస్టు అధికారం లేని సహాయక అధికారులను నియమించి, 2005-08 మధ్య ప్రతి ప్రాంతానికీ ఒక చిన్న బృందాన్ని కేటాయించారు. ఆ బృందం స్థానికులతో సమావేశమై రెండు మూడు ప్రాధాన్యాలు తీసుకుంటుంది, తరవాతి సమావేశంలో ఏం చేశామో చెప్పాలి. జనం ఎంచుకునేవి తరచుగా వేగంగా పోయే వాహనాలు, చెత్త పారబోయడం, గుంపుగా నిలబడే కుర్రకారు, పల్లెల్లోనైతే గొర్రెల మీద పడే కుక్కలు, ట్రాక్టరు పరికరాల దొంగతనాలు. 2010 తరవాత బడ్జెట్లు కోసినప్పుడు మొదట చిక్కిపోయినవి ఈ బృందాలే. అక్కడా సమావేశానికి వచ్చేది ఎక్కువగా స్థిరపడిన పెద్దవాళ్లే అన్న విమర్శ ఉంది. మన గ్రామసభకు ఎవరు వస్తారో, ఎవరు కూలికి పోయి రాలేరో చూసినవారికి ఈ విమర్శ కొత్త కాదు.

లెక్క తప్పించే లెక్కలు

స్టేషను పనితీరును కేసుల సంఖ్యతో కొలిచినంత కాలం ఎస్సైకి ఒక ఇబ్బంది ఉంటుంది. కేసులు పెరిగితే పైనుంచి ప్రశ్న వస్తుంది. అందుకే "రాజీ చేసుకోండి" అన్న మాట స్టేషన్లలో అంతగా వినిపిస్తుంది. 2013 నవంబరులో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు కేసు కట్టదగిన నేరమని ఫిర్యాదులో కనబడితే ఎఫ్ఐఆర్ తప్పనిసరి అంది. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన సురక్షా సంహిత ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవాలంది. చట్టం స్పష్టంగానే ఉంది. కూలికి పోతే తప్ప పొయ్యి వెలగని మనిషికి మూడు రోజులు స్టేషను చుట్టూ తిరగడమే ఒక శిక్ష, కాబట్టి రాజీకి ఒప్పుకుంటాడు. ఎస్సైలు తరచూ మారిపోవడం రెండో ఇబ్బంది. ఊళ్ల పేర్లు నోటికొచ్చేసరికి బదిలీ ఉత్తర్వు వస్తుంది. ఊరి జ్ఞాపకమంతా హెడ్డు కానిస్టేబులు బుర్రలోనూ రైటరు పుస్తకాల్లోనూ ఉండిపోతుంది, వాళ్లను సమీక్షా సమావేశాలకు ఎవరూ పిలవరు.

ఇన్ని ఇబ్బందుల్లోనూ ఎస్సై చేతిలో ఉన్నది ఒకటుంది. రాత్రి గస్తీకి వచ్చే కానిస్టేబులు సంతకం పెట్టే పాయింటు పుస్తకం ఉంటుంది. దాన్ని మామూలుగా బ్యాంకు దగ్గరో, గుడి దగ్గరో, సెంటర్లోని పెద్ద దుకాణం దగ్గరో ఉంచుతారు. సొత్తు ఉన్నచోట పాయింటు ఉండాలన్నది పాత ఆలోచన. ఏ ఊళ్లో పాయింటు ఎక్కడ ఉండాలో నిర్ణయించేది ఎస్సైయే, అందుకు జీవో అక్కర్లేదు, బడ్జెటు అక్కర్లేదు. ఒక పుస్తకం ఎస్సీ కాలనీ బడి గోడకు, ఇంకొకటి తండా మొదట్లోని చేతిపంపు దగ్గర తగిలిస్తే రాత్రికి రెండుసార్లు ఒక పోలీసు ఆ వీధుల్లోంచి నడిచి వెళ్లాలి. వెళ్లిన ప్రతిసారీ తేదీ, టైము వేసి సంతకం పెట్టాలి.